చనుబాలు, కథాసత్యం

భారతీయ భాషల సాహిత్యంలో తల్లిపాలంతగా కొనియాడబడినది మరొకటి లేదనవచ్చును. దేవకి కన్న బిడ్డకు యశోద పాలిచ్చి పెంచింది. చంపవచ్చిన పూతన సైతం చన్నిచ్చిన పుణ్యంచేత తల్లికి దక్కే గతిని పొందిందని భాగవతం చెప్పింది. పుట్టుకతో అబ్బిన విద్యను తెలుగువారు ఉగ్గుపాలతో నేర్చిన విద్య అంటారు. కృతఘ్నుణ్ణి తల్లిపాలు తాగి రొమ్ము గుద్దినవాడంటారు. ఇంతగా కీర్తింపబడిన ఈ పాలను గురించి నవలాకారుడు నిజంగా ఎంత ఎరుగును అన్న ప్రశ్నను మాత్రం విమర్శకులు అరుదుగా అడుగుతారు.

కీర్తన వేరు, ఎరుక వేరు. కావ్యంలో తల్లిపాలు ఒక భావం. నవలలో అది ఒక పని. పురిటిబిడ్డ రేయింబగళ్ళు కలిపి 8 నుండి 12 సార్లు తాగుతుంది. కాబట్టి బాలింత దినచర్య సూర్యుణ్ణి బట్టి కాక, బిడ్డ ఆకలిని బట్టి నడుస్తుంది. పాలు కుదిరిన తల్లి దేహం రోజుకు సుమారు ముప్పాతిక లీటరు పాలను తయారుచేస్తుంది. అందుకు తన తిండికి మించి మరొక 500 కాలరీల శక్తిని వెచ్చిస్తుంది. ఆ తిండి ఎవరు పెడతారు, ఆ వేళ ఎవరిస్తారు, ఆ సమయంలో పొలం పనో వంటపనో ఎవరు చేస్తారు అన్నవి కుటుంబ ప్రశ్నలు, ఆర్థిక ప్రశ్నలు. వాస్తవిక నవల పుట్టినదే ఇట్టి ప్రశ్నలను అడగడానికి.

అయినను సాధారణ కథలలో చంటిబిడ్డ అవసరమైనప్పుడు ఏడ్చి, అవసరం తీరగానే నిద్రపోతుంది. కాన్పయిన గంటకే తల్లికి పాలు ధారలు కడతాయి. నెలన్నర బాలింత ఉదయం ఇల్లు విడిచి సాయంకాలం దాకా కచేరీలోనో రైలులోనో గడిపి వస్తుంది; ఆమె రవిక తడవదు, రొమ్ము సలపదు, ఇంటివద్ద బిడ్డ ఏమి తాగిందో పాఠకునికి తెలియదు. నాగలి పట్టే తీరు తప్పుగా రాస్తే రైతు నవ్వుతాడని భయపడే రచయిత ఇక్కడ ఏ తల్లి నవ్వుతుందోనని భయపడడు. ఈ నిర్భయత్వం వెనుక ఒక అంచనా ఉన్నది: ఇది స్త్రీలకు సహజంగా వచ్చేది, అందులో తెలుసుకోవలసినది ఏమీ లేదు అని. నిజానికి తెలుసుకోవలసినది చాలా ఉన్నది.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. అవి చిక్కగా, చాలామందికి పసుపు వన్నెతో, చెంచాలతో కొలవదగినంత కొద్దిగా ఉంటాయి. మూడవ రోజు ప్రాంతాన రొమ్ములు బరువెక్కి, వేడెక్కి, పాలు పడతాయి. బిడ్డ చప్పరించినప్పుడు మెదడు అడుగునున్న పీయూష గ్రంథి నుండి రెండు స్రావాలు వెలువడతాయి: ప్రొలాక్టిన్ పాలను ఊరిస్తుంది, ఆక్సిటోసిన్ ఊరినదానిని వెలికి నెడుతుంది. ఈ రెండవదానినే తెలుగు పల్లెలలో పాలు చేపడం అంటారు. బిడ్డ ఏడుపు చెవిన పడితే చాలు, ఒక్కొక్కప్పుడు బిడ్డ తలపుకు వస్తే చాలు, పాలు చేపుకొస్తాయి. భయంలోను, నొప్పిలోను కొంతసేపు చేపవు. తాగినకొద్దీ ఊరుతాయి, తాగకుంటే ఇంకుతాయి. ఇంత చిన్న నియమంలో ఎన్ని కథలున్నవో ఆలోచించిన రచయితకు వేరే వస్తువు వెదకవలసిన పనిలేదు.

బిడ్డ పోయిన సంగతి పాలకు తెలియదు. మృతశిశువును కన్న తల్లికి కూడ మూడవనాటికి పాలు పడతాయి. తాగే నోరు లేక రొమ్ములు రాళ్ళవుతాయి. పురిటిగదిలో శోకాన్ని వర్ణించి ఊరుకున్న రచన సగమే చెప్పింది. దేహం తన పని తాను చేసుకుపోవడమే ఆ శోకంలోని క్రూరమైన భాగం. అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ 1939లో ప్రచురించిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలను ఈ వాస్తవం మీదనే ముగించాడు. అందులో మృతశిశువును కన్న రోజ్ ఆఫ్ షారన్, ఆకలితో చావవచ్చిన ఒక అపరిచితునికి తన చన్నిస్తుంది. ఆ ముగింపు కొందరికి అతిశయంగా తోచవచ్చును. దేహధర్మం దృష్ట్యా అందులో అతిశయం ఏమీ లేదు.

క్షామ సాహిత్యంలో తరచుగా కనబడే మరొక చిత్రం కూడ పరీక్షింపదగినది. ఆకలిగొన్న తల్లికి పాలెండిపోయాయని, బిడ్డ ఒట్టి రొమ్మును చీకుతున్నదని 1943 నాటి బెంగాలు కరవును తలచుకొని రాసిన ఏ కథలోనైనా చదువరి ఎదురుచూస్తాడు. దారుణమైన క్షామంలో అట్లు జరగవచ్చును. కాని అర్ధాకలి తల్లుల విషయంలో తరచు జరిగేది వేరు. తిండి తగ్గినను పాలు తగ్గవు, లేదా కొద్దిగానే తగ్గుతాయి. దేహం తన కొవ్వును, కండను కరిగించి వాటిని తయారుచేస్తుంది. బిడ్డ నిలబడుతుంది, తల్లి తరిగిపోతుంది. ఎండిన రొమ్ము చిత్రం జాలి పుట్టిస్తుంది. పాలిస్తూనే తరిగిపోతున్న తల్లి చిత్రం, ఆ ఇంట మొదట ఎవరు తింటారు, చివర ఎవరు తింటారు అన్న ప్రశ్నను లేవదీస్తుంది. రెండవదే నవలకు తగిన దుఃఖం.

దేహధర్మం ఒక్కటే తెలిసినా చాలదు. ఆచారం కూడ తెలియాలి. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసి, మొదటి రోజులలో తేనెనో పంచదార నీళ్ళనో ఆముదాన్నో నాకించే వాడుక ఈ దేశంలో పలుచోట్ల ఉండేది, ఇంకను అక్కడక్కడ ఉన్నది. దీనికి మూలాలు పాతవి. పాలు మూడు నాలుగు రాత్రులకు గాని రావని సుశ్రుతుడు గ్రహించి, ఈలోపు తేనె, నెయ్యి విధించాడు. పాలదాదికి ఉండవలసిన లక్షణాలను చరకసంహిత వివరించింది. నేటి వైద్యం పుట్టిన గంటలోపలే చన్నందించమని, 6 నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడ పోయవద్దని, ఆ పిమ్మట తక్కిన ఆహారంతో పాటు రెండేళ్ళ వరకు, ఆ పైనను ఇవ్వవచ్చునని చెబుతుంది. నూరేళ్ళనాటి అత్తగారు తన పాత్రకు తగినట్లు ముర్రుపాలు పారబోయించాలి. ఆమె నోట నేటి డాక్టరు మాట పలికించిన రచయిత చరిత్రను చెడగొడతాడు. ఆమెను మూర్ఖురాలిగా చూపినవాడు ఆమెను చెడగొడతాడు. ఆమె బిడ్డ మేలు కోరే ఆ పని చేసిందని చూపినవాడే వాస్తవికుడు.

ఈ ఎరుక గల రచన ఎట్లుంటుందో టాల్‌స్టాయి చూపాడు. 1863లో తొలి బిడ్డకు పాలివ్వలేక భార్య బాధపడిన వేళ దాదిని పెట్టడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆ పట్టుదలలో దయ తక్కువ. కాని ఇంటి పాల గది ఆయనకు పరాయిది కాలేదన్నది స్పష్టం. ‘అన్నా కెరనినా’ ఎనిమిదవ భాగంలో కిట్టీ అతిథుల నడుమ ఉండి కూడ, పాలు చేపడాన్ని బట్టి లోపల బిడ్డకు ఆకలైనదని గ్రహిస్తుంది. అందుకు ఎదురుగా అన్నా కూతురికి దాది ఉన్నది. చూడవచ్చిన డాలీ బిడ్డకు ఎన్ని పళ్ళు వచ్చాయని అడిగితే, కొత్తగా వచ్చిన పళ్ళ సంగతి అన్నాకు తెలియదు. టాల్‌స్టాయి ఇక్కడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒక తల్లి దేహం గోడకవతలి ఏడుపును వింటున్నది, మరొక తల్లి పళ్ళ లెక్క తప్పింది. రెండు సంసారాల మధ్యనున్న అంతరం పాఠకునికి తెలిసిపోయింది. ఈ తూకంలో రచయిత పక్షపాతం కూడ ఉన్నదని ఒప్పుకోవలసిందే. అయినను ఆ పక్షపాతం తప్పుడు వివరం మీద నిలబడలేదు.

భారతీయ నవలలో ఇంతటి శ్రద్ధ ప్రేమ్‌చంద్ 1936 నాటి ‘గోదాన్’లో కనబడుతుంది. ఆ నవలను రైతు అప్పుల కథగా చదివినవారు, గోబర్‌తో లక్నో చేరిన ఝునియా గదిని చూడకుండా దాటిపోతారు. చంటివాని తరువాత వెంటనే మరొక కడుపు, చంటివాని పాలు మానడం, వాడు జబ్బుపడి చనిపోవడం – ఇవి నవలలో వరుసగా వచ్చే సంఘటనలు. ప్రేమ్‌చంద్ వీటిని విధి అనలేదు. అలసి, తాగి ఇల్లు చేరే మగవాని కోరిక, ఇరుకు గది, పట్నంలో బంధుబలగం లేకపోవడం, ఇవన్నీ ఆ చావులో భాగస్వాములని చెప్పకయే చెప్పాడు. ఆ రోజులలోనే, 1933లో, పశ్చిమాఫ్రికాలోని గోల్డ్‌కోస్టులో పనిచేసిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్ శిశువుల జబ్బునొకదానిని వర్ణించింది. గా భాషలో దాని పేరు క్వాషియోర్కర్. తరువాతి బిడ్డ రాకతో తల్లి రొమ్ముకు దూరమైన బిడ్డకు వచ్చే రోగమని ఆ పేరుకు భావం. ఝునియా కొడుకుది ఆ జబ్బే అనడానికి ఆధారం లేదు. కాని ఆ తల్లులు ఒక్క మాటలో పెట్టిన కార్యకారణ సంబంధాన్నే, హిందీ నవలాకారుడు తన వీధిలో చూసి ఒక ప్రకరణంలో పెట్టాడు.

ఝునియా రెండవ బిడ్డ పుట్టినప్పుడు పొరుగింటి చుహియా సాయపడుతుంది. తల్లికి పాలు లేవు. తన బిడ్డలు పాలు మాని ఏళ్ళు గడిచిన చుహియా, ఏడ్చే పసివాని నోటికి తన రొమ్మందిస్తుంది. ఆమెకు పాలు వస్తాయి. ఇది అద్భుతమని, కథకుని భావావేశమని కొట్టివేయబోయే పాఠకుడు తొందరపడకూడదు. మళ్ళీ మళ్ళీ చప్పరిస్తే, ఆగిపోయిన పాలు తిరిగి రావడం వైద్యులెరిగిన సంగతియే. కొన్నాళ్ళలో చుక్కలు కనబడవచ్చును; బిడ్డకు చాలినన్ని రావడానికి సాధారణంగా వారాలు పడుతుంది. ఆ లెక్కన ప్రేమ్‌చంద్ కొంత తొందరపడ్డాడనవచ్చును. కాని ఆయన మూలవాస్తవం తప్పలేదు. మరొక విశేషమేమనగా, ఈ పాలు ధర్మంగానో ఉద్యోగంగానో రాలేదు. నగరంలో కులమూ బంధుత్వమూ తెగిన చోట, ఒక పేదరాలికి మరొక పేదరాలు బంధువైనది. చుహియా ఉదారత నమ్మదగినదైనది ఆమె దేహం నమ్మదగినది కావడం చేతనే.

పాలు ఉద్యోగమైనప్పుడు ఏమగునో మహాశ్వేతాదేవి చెప్పింది. 1970వ దశకం చివరి భాగంలో వెలువడిన ఆమె బెంగాలీ కథ ‘స్తనదాయిని’, 1987లో వచ్చిన గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఆంగ్లానువాదం ద్వారా దేశదేశాల చర్చకు వచ్చింది. హాల్దార్ల ఇంటి కుర్రవాడు కారు నడిపి బ్రాహ్మణుడైన కంగాలీచరణ్ కాళ్ళు విరుగగొడతాడు. సంసారం గడవక అతని భార్య జశోద ఆ ఇంటికే పనికోసం వెళ్ళి, ఏడుస్తున్న మనుమనికి చన్నిస్తుంది. అదే ఆమె కొలువైనది. కోడళ్ళ అందం చెడకుండా ఆ ఇంటి బిడ్డలకందరకు ఆమె పాలిస్తుంది, పాలు ఆగకుండా తాను కడుపులు మోస్తుంది, 20 కాన్పులవుతాయి. యజమానురాలు పోయిన తరువాత ఆమె అక్కర తీరింది. చివరకు రొమ్ము పుండై, ఆస్పత్రిలో, పెంచినవారిలో గాని కన్నవారిలో గాని ఒక్కరూ పక్కన లేకుండా మరణిస్తుంది. యశోద పేరు ఇంత చేదుగా పలికించిన కథ మరొకటి లేదు.

ఈ కథలో ఇద్దరు తల్లుల పేరాశలు, ఒక భర్త పిరికితనం, వంటింటి రాజకీయాలు కూలి లెక్కవలె స్పష్టంగా ఉన్నాయి. కాని కథకు ఇరుసులైన రెండు సంగతులను దేహధర్మంతో పోల్చి చూడవలసి ఉన్నది. మొదటిది: పాలు నిలవడానికి ఏటేటా కాన్పు కావాలన్నది. స్త్రీకి అట్లు కానక్కరలేదు. తాగే బిడ్డ ఉన్నంతకాలం, ఒకే కాన్పు తరువాత ఏళ్ళ తరబడి పాలు ఉంటాయి. పైగా నిండుగా పాలివ్వడం వలన మళ్ళీ కడుపు రావడం ఆలస్యమవుతుంది. వస్తే పాలు తగ్గుతాయి. రెండవది: చివరి రోగం. 30 దేశాలలో జరిగిన 47 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము క్యాన్సరు వచ్చే అవకాశం నూటికి 4.3 పాళ్ళు తగ్గుతుంది; ప్రతి కాన్పుతో అది మరికొంత తగ్గుతుంది. అంటే జశోద వంటి స్త్రీకి ఆ జబ్బు వచ్చే అవకాశం తక్కువ.

ఇందుచేత కథ కూలిపోయినదా? ఈ ప్రశ్నకు తొందరపాటు జవాబులు రెండున్నాయి. కథ ప్రతీక గనుక వాస్తవంతో పనిలేదని ఒకటి. వాస్తవం తప్పింది గనుక ప్రతీక చెల్లదని మరొకటి. రెండునూ సరిపోవు. మొదటి విషయంలో కథే దారి చూపుతున్నది. హాల్దార్ల ఇల్లాలు జశోదను కామధేనువని మెచ్చుకుంటుంది. ఈనితేనే పాడి అన్నది గొడ్ల చావడి లెక్క. ఆ లెక్కనే ఆ ఇంటివారు ఒక మనిషికి వర్తింపజేశారు. కూటికోసం జశోదా, ఆమె భర్తా దానినే నమ్మారు. అట్లు చదివితే అది కథలోని తప్పు కాదు, కథలోని మనుషుల తప్పు. వారి దృష్టి ఎంత దూరం దిగజారిందో చూపే కొలత. రచయిత్రి ఉద్దేశించినను ఉద్దేశించకున్నను, వాస్తవం తెలిసిన పాఠకునికి ఆ 20 కాన్పులు మరింత భయంకరంగా కనబడతాయి. అవి అవసరం కూడ కాదు.

రెండవ విషయం అంత సులువుగా తీరదు. తక్కువ అవకాశమున్నది జరగదని కాదు. ఒక్క మనిషి కథకు సగటు లెక్క అడ్డురాదు. కాని పాలిచ్చినందుకే పుండైనదని పాఠకుడు అర్థం చేసుకుంటే, పాలివ్వడానికి జంకే ఒక బాలింతకు ఆ కథ కీడు చేయగలదు. జశోదను చంపినది చనుబాలు కాదు. జబ్బును కనిపెట్టేవారు లేకపోవడం, కనిపెట్టిననాటికి కాలం మించిపోవడం, వాడుకొన్న ఇల్లు వాడుక తీరగానే ముఖం తిప్పుకోవడం ఆమెను చంపాయి. కథలో ఇవన్నీ ఉన్నాయి. ప్రతీక బలానికి లోబడి వీటిని చూడకపోవడం చదువరి దోషం. ఆ లోబాటుకు అంతగా చోటివ్వడంలో కథ దోషం కొంత ఉన్నది. గొప్ప కథను గూర్చి ఇట్లనడం దాని గొప్పతనాన్ని తగ్గించదు. దానిని నమ్మకమైన సాక్షిగా గౌరవించడమే అవుతుంది.

వివరాల వెంటబడితే కథ వైద్యగ్రంథమైపోతుందని ఆక్షేపించేవారున్నారు. ఆ ప్రమాదం లేకపోలేదు. తెలిసినదంతా చెప్పిన కథ తెలియనివాని కథవలెనే విసుగు పుట్టిస్తుంది. కాని టాల్‌స్టాయికి ఒక వాక్యం, ప్రేమ్‌చంద్‌కు ఒక సన్నివేశం చాలాయి. ఎక్కువ తెలిసినవాడే తక్కువ చెప్పగలడు. తెలియనివాడు ఆ ఖాళీని మాతృత్వ మహిమతో నింపవలసి వస్తుంది.

తెలుసుకోవడానికి దారులు దుర్గమం కావు. మంత్రసానులు, నర్సులు, నలుగురిని కన్న ముసలమ్మలు, నెలబిడ్డను ఎత్తుకొని కూలికి వెళ్ళే తల్లులు దేశమంతటా ఉన్నారు. వారిని అడుగవలసినది మాతృత్వం ఎట్టిదని కాదు. నాట్లవేళ బిడ్డను ఎక్కడ పడుకోబెట్టారు, ఎవరు ఎత్తుకొచ్చి అందించారు, రొమ్ము గడ్డకట్టినప్పుడు ఏమి కట్టారు, పాలు మాన్పించడానికి వేపాకు నూరి రాశారా, అప్పుడు బిడ్డ ఎన్ని రాత్రులు ఏడ్చింది, వారెన్ని రాత్రులు ఏడ్చారు అని అడుగవలసి ఉన్నది. ఏ కాలం, ఏ కులం, ఏ మతం అన్నది కూడ విడువరాదు. ముస్లిం కుటుంబాలలో ఒకే స్త్రీ పాలు తాగిన పిల్లలు తోబుట్టువులతో సమానం. వారికి పెళ్ళి చెల్లదు. ఈ నియమం తెలియని రచయిత ఒక ప్రేమకథనే తప్పుగా నిర్మించగలడు. నగరంలో డబ్బాపాలు వచ్చిన కాలానికి, శిశువుల పాలడబ్బాల ప్రచారాన్ని నిషేధిస్తూ భారతదేశం 1992లో చట్టం చేసిన తరువాతి కాలానికి, ఇంటి గోడమీది బొమ్మ కూడ మారుతుంది.

పాలివ్వడాన్ని దైవకార్యమని పొగడినవారికి, పాలిచ్చే మనిషికి అన్నం పెట్టవలసిన బాధ్యత గుర్తుకు రాకపోవడం కద్దు. హాల్దార్ల ఇంట జరిగినది అదియే. నవలాకారుడు కూడ తన పాత్రను పీటమీద కూర్చోబెట్టి, ఆమె నడుము నొప్పిని, తడిసిన రవికను, తెల్లవారుజామున నాలుగోసారి మేలుకోవడాన్ని చూడనప్పుడు ఆ ఇంటివారిలో ఒకడవుతాడు. చుహియాను సృష్టించిన రచయిత ఆమెకు నమస్కరించలేదు. ఆమె ఒడిలో బిడ్డ ఎట్లు తాగిందో చూశాడు. ఆమెకు దక్కిన గౌరవం అదే.